షెల్లులో పూరణం, ధారణ
ట్యాబ్ మీట, ఆదేశాల చరిత్ర: మనకు తగ్గట్టు దిద్దుకోవడం ఎలా?

కొత్తవలస నుంచి కిరండుల్ దాకా తూర్పు కనుమలను దాటుకుంటూ వెళ్ళే రైలుమార్గం ఒకటుంది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960ల్లో దీనిని నిర్మించారు. ఈ మార్గంలో జగదల్‌పూర్ దాటాక, దంతేవాడకు ముందు వచ్చే ఊరు గీదం. తెలుగులో ఈ పేరు రాయడానికి తడబాటు అవసరం లేదు. ఇంగ్లీషులో మాత్రం చిక్కే. 'జి' తరువాత రెండు 'ఇ'లు రాసేవారున్నారు, ఒక్క 'ఐ' రాసేవారున్నారు. రైల్వే వారిది ఒక పద్ధతి, ఊరి బోర్డులది మరో పద్ధతి. పక్కనున్న దంతేవాడకూ ఇదే తంటా. చివర 'డి' రాయాలా, 'ఆర్' రాయాలా?

మనిషికి ఇది సమస్య కాదు. ఎలా రాసినా ఊరేదో అర్థమవుతుంది. కంప్యూటరు అలా సర్దుకోదు. ఒక్క అక్షరం తేడా వస్తే 'అలాంటి ఫైలు లేదు' అని తేల్చి చెప్పేస్తుంది. ఆదేశాలను టైపు చేసి పనిచేయించుకునే పద్ధతిలో ఈ ఇబ్బంది అడుగడుగునా ఎదురవుతుంది. దీనికి దాదాపు అర్ధశతాబ్దం క్రితమే రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఒకటి, సగం రాసిన పేరును కంప్యూటరు చేతనే పూర్తి చేయించడం. రెండు, ఒకసారి రాసిన ఆదేశాన్ని గుర్తుంచుకొని మళ్ళీ అందించమనడం.

అవధానం చూసినవారికి ఈ రెండూ కొత్త కాదు. పృచ్ఛకుడు ఇచ్చిన కొసను అందుకొని పద్యం నింపడం పూరణం. చివరలో చెప్పినవన్నీ వరుసగా అప్పగించడం ధారణ. షెల్లులోనూ ఈ రెండు విద్యలున్నాయి. అయితే అవధాని చేసే పూరణంలో ఊహ ఉంటుంది. షెల్లు చేసేది వట్టి వెదుకులాట. ఆ వెదుకులాట ఎలా జరుగుతుందో తెలిస్తే దానిని మనకు అనువుగా మలచుకోవచ్చు.

షెల్లు అంటే ఏమిటి?

కంప్యూటరు లోపలి పనులన్నీ చక్కబెట్టే ముఖ్య ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. గింజ అని దాని అర్థం. ఆ గింజకూ మనకూ మధ్య ఉండే పెంకు షెల్లు. మనం రాసిన వాక్యాన్ని చదివి, మాటలుగా విడగొట్టి, ఏ ప్రోగ్రామును నడపాలో నిర్ణయించి, దానికి పని అప్పగించడం షెల్లు బాధ్యత. లినక్స్ కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించే షెల్లు పేరు బ్యాష్. ఆపిల్ కంప్యూటర్లు 2019 నుంచి జెడ్-షెల్లును ముందుంచుతున్నాయి. విండోస్‌లో పవర్‌షెల్ ఉంది. మనం ఇక్కడ బ్యాష్ గురించి చెప్పుకుందాం. మిగతావాటిలో పేర్లు మారినా సూత్రం ఒక్కటే.

ఒక సూచన. ఈ వ్యాసంలో ఆదేశాలను ఉచ్చారణ ప్రకారం తెలుగులో ఇస్తున్నాం. కంప్యూటరుపై వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. ఫైళ్ళ పేర్లను మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు.

ఎక్కడ పుట్టింది?

తొలినాళ్ళలో కంప్యూటరుకు తెర లేదు. టెలిటైపు యంత్రమే దిక్కు. బాగా వాడుకలో ఉన్న మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరాలు మాత్రమే కాగితంపై అచ్చువేసేది. యూనిక్స్ ఆదేశాలు 'ఎల్ఎస్', 'సిపి', 'ఎమ్‌వి' అని రెండేసి అక్షరాలతో సరిపెట్టుకోవడానికి ఈ నిదానం ఒక కారణం.

1970ల మొదట్లో అమెరికాలోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థ, పిడిపి-10 కంప్యూటర్ల కోసం టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసింది. అందులో పేరులో కొంత భాగం రాసి ఎస్కేప్ మీట నొక్కితే మిగతాది యంత్రమే నింపేది. దీనిని చూసిన కెన్ గ్రీర్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో యూనిక్స్ కోసం ఇలాంటి ఏర్పాటును రాశాడు. బర్క్‌లీలో బిల్ జాయ్ రాసినది సి-షెల్లు. ఆదేశాల చరిత్రను ఆశ్చర్యార్థకం గుర్తుతో తిరగదోడే పద్ధతి దానిదే. గ్రీర్ పనిని సి-షెల్లుకు కలపగా వచ్చినది టి-సి-షెల్లు. ఆ 'టి' టెనెక్స్‌కు గుర్తు.

1980ల్లో డేవిడ్ కార్న్ రాసిన షెల్లులో, రాసిన వాక్యాన్ని అక్కడికక్కడే దిద్దే సదుపాయం వచ్చింది. 1989లో గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ బ్యాష్‌ను విడుదల చేశాడు. తరువాత దాని నిర్వహణను చెట్ రేమీ చేపట్టాడు. బ్యాష్‌లో వాక్యాన్ని దిద్దే భాగాన్ని 'రీడ్‌లైన్' అనే విడి గ్రంథాలయంగా ఉంచారు. దీనివల్ల ఇతర ప్రోగ్రాములు కూడా దానిని వాడుకోగలిగాయి. కాబట్టి రీడ్‌లైన్‌ను ఒకసారి దిద్దుకుంటే, ఆ మార్పు దానిని వాడే ప్రోగ్రాములన్నిటిలోనూ కనిపిస్తుంది.

ట్యాబ్ నొక్కితే ఏమి జరుగుతుంది?

'కేకే' అనే డైరెక్టరీలో స్టేషనుకొక ఫైలు ఉందనుకుందాం: కొత్తవలస, బొర్రా గుహలు, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్, గీదం, దంతేవాడ, బచేలి, కిరండుల్. ఫైలులోని విషయాన్ని చూపే ఆదేశం 'క్యాట్'. దాని పక్కన 'గ' అని రాసి ట్యాబ్ నొక్కితే 'గీదం' అని పూర్తవుతుంది. ఈ మధ్యలో షెల్లు నాలుగు పనులు చేసింది.

మొదట, కర్సరుకు ఎడమన ఉన్న అసంపూర్ణ పదం ఏదో గుర్తించింది. రెండవది, ఆ పదం ఏ జాతిదో తేల్చుకుంది. వాక్యంలో అది మొదటి మాట అయితే ఆదేశం పేరు కావాలి. డాలరు గుర్తుతో మొదలైతే అది చరరాశి. మరేదీ కాకపోతే ఫైలు పేరు. మూడవది, ఆ జాతికి చెందిన పేర్లలో 'గ'తో మొదలయ్యేవాటిని ఏరింది. నాలుగవది, ఏరినవాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ముందు భాగం ఎంతో లెక్కించి అంతవరకు నింపింది. 'గ'తో మొదలయ్యేది ఒక్కటే కాబట్టి పేరంతా వచ్చింది.

ఇప్పుడు 'క' రాసి ట్యాబ్ నొక్కండి. కొత్తవలస, కోరాపుట్, కిరండుల్ మూడూ పోటీలో ఉన్నాయి. వాటి ఉమ్మడి భాగం 'క' మాత్రమే. అది ముందే రాశాం కాబట్టి కొత్తగా చేర్చడానికి ఏమీ లేదు. షెల్లు చిన్న శబ్దం చేసి ఊరుకుంటుంది. రెండోసారి నొక్కితే మూడు పేర్లూ తెరపై చూపుతుంది. ఇంకొక గుర్తు రాస్తే చాలు, సందేహం తీరుతుంది.

'బొ' రాసి నొక్కినప్పుడు మరో సంగతి గమనించవచ్చు. 'బొర్రా గుహలు' అనే పేరు మధ్యలో ఖాళీ ఉంది. షెల్లుకు ఖాళీ అంటే రెండు మాటల మధ్య హద్దు. మనం మామూలుగా రాస్తే 'బొర్రా' ఒక ఫైలు, 'గుహలు' మరో ఫైలు అనుకుంటుంది. ట్యాబ్ పూరించేటప్పుడు ఆ ఖాళీకి ముందు వెనుకకు వాలిన గీతను తానే పెడుతుంది. అంటే ట్యాబ్ శ్రమ తగ్గించడమే కాక, పేరును షెల్లు భాషలో సరిగా రాసిపెడుతుంది. ఫైళ్ళను తొలగించే 'ఆర్ఎమ్' ఆదేశం రాస్తున్నప్పుడు ఈ తేడా ఎంతో విలువైనది. చేత్తో రాసిన ఒక ఖాళీ, ఉంచుకోవలసిన ఫైలును పోగొట్టగలదు.

తెలుగు పేర్లయితే?

ఇంగ్లీషు అక్షరాల్లో కొత్తవలస, కోరాపుట్ రెండూ 'కె', 'ఓ' అనే మొదలవుతాయి. మూడవ అక్షరం దాకా అవి విడిపోవు. తెలుగులో కొ హ్రస్వం, కో దీర్ఘం. యూనికోడ్‌లో వీటి గుర్తులు వేరు. 'క' తరువాత ఒక్క గుణింతపు గుర్తు రాయగానే ఏ ఊరో తేలిపోతుంది. ఇక్కడ మన లిపే ముందు గమ్యం చేరుస్తుంది.

కానీ లోపల ఒక చిక్కుంది. ఫైళ్ళ పేర్లు యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లుగా నిలువ ఉంటాయి. ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 'గీదం' అంటే మనకు రెండక్షరాలు. యూనికోడ్‌కు గ, దీర్ఘ ఈకారం, ద, సున్న అని 4 సంకేతాలు. డిస్కుకు 12 బైట్లు. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరుకు 255 బైట్లు హద్దు. అంటే తెలుగులో 85 సంకేతాలకు మించి పేరు పెట్టలేం.

కొ, కో గుర్తులను పోల్చి చూడండి. ఒకదాని బైట్లు 224, 177, 138. రెండవదాని బైట్లు 224, 177, 139. మొదటి రెండూ ఒకటే. ఉమ్మడి భాగాన్ని బైట్ల లెక్కన నింపితే, గుర్తులో మూడింట రెండు వంతులు మాత్రమే తెరపై పడి, అర్థంలేని ముక్క కనిపిస్తుంది. రీడ్‌లైన్ ఈ ప్రమాదాన్ని గమనించి, సంకేతం హద్దు దగ్గరే ఆగుతుంది. అందుకు కంప్యూటరు భాషా అమరిక యూటీఎఫ్-8లో ఉండటం తప్పనిసరి.

మరో చిక్కు కంటికి కనిపించదు. 'జగదల్‌పూర్' రాసేటప్పుడు 'ల్'కు 'పూ' ఒత్తుగా చేరకుండా ఆపడానికి, మధ్యలో వెడల్పు లేని ఒక అదృశ్య సంకేతం వేస్తాం. ఒకరు దానిని వేసి, మరొకరు వేయకపోతే కంప్యూటరు దృష్టిలో అవి రెండు వేర్వేరు ఊర్లు. వెదికినా దొరకవు. అదే ట్యాబ్‌తో పూరిస్తే, ఫైలుకు పెట్టిన పేరులో ఏ సంకేతాలున్నాయో అవే యథాతథంగా వస్తాయి. కనిపించని అక్షరాన్ని సరిగా రాయడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

పూరణాన్ని దిద్దుకోవడం

రీడ్‌లైన్ తన నియమాలను మన సొంత డైరెక్టరీలో ఉండే '.ఇన్‌పుట్‌ఆర్‌సి' అనే ఫైలు నుంచి చదువుకుంటుంది. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలు జాబితాలో కనిపించదు. లేకపోతే మనమే సృష్టించవచ్చు. అందులో వరుసకొక నియమం రాయాలి.

సెట్ కంప్లీషన్-ఇగ్నోర్-కేస్ ఆన్
సెట్ షో-ఆల్-ఇఫ్-ఆంబిగ్యువస్ ఆన్

మొదటిది ఇంగ్లీషు పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా చూడవద్దని చెబుతుంది. తెలుగుకు ఈ బాధ లేదు. రెండవది, సందేహం ఉన్నప్పుడు మొదటి నొక్కుకే పేర్లన్నీ చూపమంటుంది. ట్యాబ్ నొక్కిన కొద్దీ ఒక్కొక్క పేరునే మార్చి మార్చి చూపించాలంటే, ట్యాబ్ మీటకు 'మెనూ-కంప్లీట్' అనే పనిని అప్పగించాలి. కొత్త టెర్మినలు తెరిస్తే మార్పులు అమలులోకి వస్తాయి.

ఇంతవరకు షెల్లుకు ఫైళ్ళు, ఆదేశాలు మాత్రమే తెలుసు. ఏ ఆదేశం పక్కన ఏ మాటలు వస్తాయో దానికి నేర్పలేమా? 2000లో వచ్చిన బ్యాష్ 2.04 ఈ వీలు కల్పించింది. 'కంప్లీట్' అనే ఆదేశంతో ఇది సాధ్యం. స్టేషను పేరు ఇస్తే ఆ ఫైలును చూపే చిన్న ఆదేశం ఒకటి తయారుచేసి దానికి 'రైలు' అని పేరు పెట్టామనుకుందాం. బ్యాష్ తెలుగు పేరుకు అభ్యంతరం చెప్పదు. అప్పుడు

కంప్లీట్ -డబ్ల్యూ "అరకు గీదం దంతేవాడ బచేలి కిరండుల్" రైలు

అని రాస్తే చాలు. ఇందులో డబ్ల్యూ పెద్దక్షరం. ఇకపై మనం ఏ డైరెక్టరీలో ఉన్నా 'రైలు ద' అని ట్యాబ్ నొక్కితే 'దంతేవాడ' వస్తుంది. జాబితా స్థిరంగా ఉండనవసరం లేదు. ఒక ప్రోగ్రామును నడిపి, అది అప్పటికప్పుడు ఇచ్చిన మాటలను కూడా పూరణానికి వాడవచ్చు. లినక్స్ వాడేవారు ఇలాంటి సూచనలను వందల ఆదేశాలకు రాసి 'బ్యాష్-కంప్లీషన్' పేరుతో ఒక్కచోట చేర్చారు. అందరికీ ఉచితం.

ధారణ: ఆదేశాల చరిత్ర

పైకి చూపే బాణం నొక్కితే ఇంతకుముందు ఇచ్చిన ఆదేశాలు ఒక్కొక్కటిగా వస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిన్నటి ఆదేశం కోసం బాణాన్ని నలభైసార్లు నొక్కుతారు. కంట్రోల్, ఆర్ మీటలు కలిపి నొక్కి, ఆ ఆదేశంలోని ఏదో ఒక ముక్క రాయండి. అది ఉన్న తాజా వాక్యం తెరపైకి వస్తుంది. మళ్ళీ అవే మీటలు నొక్కితే అంతకు పాతది వస్తుంది. వద్దనుకుంటే కంట్రోల్, జి.

సి-షెల్లు నాటి గుర్తులు ఇప్పటికీ పనిచేస్తాయి. '!!' అంటే కిందటి ఆదేశం మొత్తం. '!$' అంటే దానిలోని చివరి మాట. 'గీదం' అనబోయి 'గిదం' అని రాశారా? వాక్యమంతా తిరిగి రాయనక్కరలేదు. ^గిదం^గీదం అని రాస్తే తప్పు సరిదిద్ది అదే ఆదేశాన్ని మళ్ళీ నడుపుతుంది. అయితే ఆశ్చర్యార్థకంతో పిలిచిన ఆదేశం వెంటనే నడిచిపోతుంది. ఏది వస్తుందో కచ్చితంగా తెలియనప్పుడు ఇది ప్రమాదకరం. 'షాప్ట్ -ఎస్ హిస్ట్‌వెరిఫై' అని అమర్చుకుంటే, ముందు వాక్యాన్ని చూపి, మనం ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది.

చరిత్ర ఎక్కడ నిలువ ఉంటుంది? ఈ ప్రశ్న ముఖ్యమైనది. పని జరుగుతున్నంతసేపూ అది కంప్యూటరు తాత్కాలిక స్మృతిలో మాత్రమే ఉంటుంది. షెల్లును మూసేటప్పుడు '.బ్యాష్_హిస్టరీ' అనే ఫైలులోకి చేరుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పూట రాసినవన్నీ పోయినట్టే. ప్రయోగశాలలో మూడు గంటలు తంటాలు పడి సాధించిన ఆదేశం తిరిగి దొరకదు. రెండు టెర్మినళ్ళు తెరిచి పనిచేసినప్పుడు, ఒకదాని చరిత్రపై మరొకటి రాసేసే ప్రమాదం కూడా ఉంది. కరెంటు నిలకడగా లేని చోట చదువుకునే విద్యార్థి ఈ రెండు నష్టాలనూ ముందుగానే నివారించుకోవాలి.

ఇందుకు సొంత డైరెక్టరీలోని '.బ్యాష్‌ఆర్‌సి' ఫైలులో కొన్ని వరుసలు చేర్చాలి. 'షాప్ట్ -ఎస్ హిస్ట్‌అపెండ్' అంటే పాత చరిత్రను చెరపకుండా కొత్తది చివర చేర్చమని. 'ప్రాంప్ట్_కమాండ్' అనే చరరాశికి 'హిస్టరీ -ఎ' అని విలువ ఇస్తే, ప్రతి ఆదేశం ముగియగానే అది ఫైలులోకి చేరుతుంది. కరెంటు పోయినా పోయేది, మహా అయితే, అప్పుడు నడుస్తున్న ఆ ఒక్క ఆదేశమే.

తక్కినవి సౌకర్యాలు. బ్యాష్ మామూలుగా 500 ఆదేశాలను మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఉబుంటు, డెబియన్‌లు తమ అమరికలో స్మృతికి 1000, ఫైలుకు 2000 అని పెంచాయి. 'హిస్ట్‌సైజ్', 'హిస్ట్‌ఫైల్‌సైజ్' అనే చరరాశులకు ఇంకా పెద్ద సంఖ్యలు ఇవ్వవచ్చు. లక్ష ఆదేశాలు దాచినా అది ఒక ఫోటో పట్టేంత చోటు మించదు. 'హిస్ట్‌టైమ్‌ఫార్మాట్' అమరిస్తే ప్రతి ఆదేశం పక్కన తేదీ, సమయం కనిపిస్తాయి. 'హిస్ట్‌కంట్రోల్'కు 'ఇగ్నోర్‌బోత్' అని ఇస్తే వెంటవెంటనే వచ్చే పునరుక్తులు చేరవు, ఖాళీతో మొదలుపెట్టిన ఆదేశాలూ చేరవు. ఈ చరరాశుల పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే.

గుర్తుంచుకోవడంలో అపాయం

ఖాళీతో మొదలైనవాటిని వదిలేయడం ఎందుకు? ధారణ శక్తి ఎక్కువైతే రహస్యం దాగదు కాబట్టి. కొందరు డేటాబేసు పాస్‌వర్డును ఆదేశంలోనే రాసేస్తారు. అది అందరూ చదవగల మాటగా చరిత్ర ఫైలులో ఉండిపోతుంది. బడిలోనో కళాశాలలోనో తరగతి మొత్తానికి ఒకే పేరుతో కంప్యూటరు వాడుతుంటే, తరువాత కూర్చున్నవారు బాణం మీట నొక్కి దానిని చూడగలరు. కాబట్టి పాస్‌వర్డును ఆదేశంలో రాయకూడదు, ప్రోగ్రాము అడిగినప్పుడే ఇవ్వాలి. పొరపాటున రాస్తే 'హిస్టరీ -డి' పక్కన ఆ ఆదేశపు సంఖ్య వేసి తొలగించవచ్చు. ఇది స్మృతి నుంచి మాత్రమే తీసేస్తుంది. ఫైలులో కూడా పోవాలంటే తరువాత 'హిస్టరీ -డబ్ల్యూ' ఇవ్వాలి. ఇక్కడ డబ్ల్యూ చిన్నక్షరం. అయినా బయటపడిందని అనుమానం ఉంటే పాస్‌వర్డు మార్చుకోవడమే మేలు.

విద్యార్థికి ఏమి లాభం?

గీదం పక్కనే జావంగాలో 'ఎడ్యుకేషన్ సిటీ' పేరుతో బస్తర్ ప్రాంతపు పిల్లల కోసం పాఠశాలలు, హాస్టళ్ళు ఉన్నాయి. అక్కడైనా, అరకులోనైనా, ఆదిలాబాదులోనైనా ఒక కంప్యూటరును పలువురు పంచుకోవలసి వస్తే దొరికే సమయం కొద్దిదే. షెల్లుకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. పాత కంప్యూటరు చాలు. దూరాన ఉన్న యంత్రాన్ని బలహీనమైన ఇంటర్నెట్ మీదుగా నడపడానికీ అది పనికొస్తుంది, ఎందుకంటే అటూ ఇటూ పోయేవి కొద్ది అక్షరాలే. పూరణం వల్ల వర్ణక్రమ దోషాలతో సమయం వృథా కాదు. చరిత్ర వల్ల నిన్న ఆపినచోటు నుంచి ఇవాళ మొదలుపెట్టవచ్చు.

మరో లాభం కూడా ఉంది. తేదీలతో సహా దాచిన చరిత్ర ఒక ప్రయోగశాల నోటుపుస్తకం వంటిది. ఏ ఫలితం ఏ ఆదేశంతో వచ్చిందో, మధ్యలో ఏ తప్పు చేశామో అందులో ఉంటుంది. ఫలితాన్ని మరొకరు తిరిగి సాధించి చూడగలగాలన్నది విజ్ఞానశాస్త్రంలో మూలసూత్రం. 'హిస్టరీ' ఆదేశం ఇచ్చే జాబితాను ఒక ఫైలులోకి మళ్ళిస్తే ఆ పనికి మొదటి చిత్తుప్రతి సిద్ధమైనట్టే.

చేసి చూడండి

1. మీ జిల్లాలోని పది ఊర్ల పేర్లతో తెలుగులో పది ఖాళీ ఫైళ్ళు సృష్టించండి. 'టచ్' అనే ఆదేశం ఇందుకు పనికొస్తుంది. ఒక్కొక్క పేరు పూర్తి కావడానికి కనీసం ఎన్ని గుర్తులు రాయాలో ట్యాబ్ నొక్కుతూ పట్టిక వేయండి. అవే పేర్లను ఇంగ్లీషులో రాసి పోల్చండి. ఏ పేర్లకు తెలుగు నయం? ఏ పేర్లకు ఇంగ్లీషు నయం?

2. 'జగదల్‌పూర్' పేరును అదృశ్య సంకేతంతో ఒకసారి, అది లేకుండా ఒకసారి రాసి రెండు ఫైళ్ళు చేయండి. 'జ' రాసి ట్యాబ్ నొక్కితే ఎంతవరకు పూర్తవుతుందో చూసి, కారణం చెప్పండి.

3. రెండు టెర్మినళ్ళు తెరిచి వేర్వేరు ఆదేశాలు ఇవ్వండి. రెండింటినీ మూసి, చరిత్ర ఫైలులో ఏవి మిగిలాయో చూడండి. తరువాత 'హిస్ట్‌అపెండ్', 'హిస్టరీ -ఎ' అమర్చి అదే ప్రయోగం మళ్ళీ చేయండి.

మూడవ ప్రయోగాన్ని పరీక్షలకు ముందే చేయడం మంచిది. కరెంటు చెప్పి పోదు.